రోలరు మీద కూర్చున్నది ఎవరు?

ఆడవాళ్ళ చేతుల్లో తయారైన వస్తువుని చూసి లోకం అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది: "ఇది దేనికి పనికొస్తుంది?" ఆవకాయ పెడితే అడగరు. స్వెట్టరు అల్లితే అడగరు. గుమ్మం ముందు ముగ్గేస్తే అది ఇంటికి శుభం. సంక్రాంతికి బొమ్మల కొలువు పెడితే అది పండగ. ఇల్లు, మొగుడు, పిల్లలు, దేవుడు - ఈ నాలుగింటిలో ఏదో ఒక ఖాతాలో మన చేతిపని జమ అవుతున్నంత కాలం ఆ ప్రశ్న రాదు. ఏ ఖాతాలోనూ పడని పనిని, కేవలం తన ముచ్చట కోసం, ఒక స్త్రీ నెలల తరబడి చేస్తే మాత్రం ఇంట్లోవాళ్ళ నుంచి పక్కింటివాళ్ళ దాకా అందరికీ ప్రయోజనం గుర్తొస్తుంది. మగవాడు ఆదివారం పొద్దున స్కూటరు విప్పి సాయంత్రానికి బిగిస్తే దాన్ని హాబీ అంటారు. బిగించాక రెండు నట్లు మిగిలిపోయినా హాబీయే.

ఆ పనికిరాని పని తరఫున వకాల్తా పుచ్చుకుని ఈ వ్యాసం రాస్తున్నాను.

నేను చేసింది ఒక ఆవిరి రోడ్డు రోలరు. ఒకటికి పన్నెండు స్కేలులో చేశాను. అంటే అసలు బండిలో ఒక అడుగు నా బండిలో ఒక అంగుళం. దుకాణంలో కిట్ కొనుక్కొచ్చి, కాగితం మీద చెప్పినట్టు అతికించింది కాదు. పైపు ముక్క, రేకు ముక్క, ప్లాస్టిక్ షీటు, తీగ, మైనం తెచ్చుకుని ప్రతి భాగాన్నీ కొలిచి, కోసి, అరగదీసి అమర్చింది. మోడళ్ళు కట్టేవాళ్ళు దీన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. పైగా నా బండి లోకంలో ఎక్కడా లేదు. ఇంగ్లండులో ఏవ్‌లింగ్ అండ్ పోర్టర్ కంపెనీ చేసిన పాత ఆవిరి రోలర్ల ఫొటోలు చూసి దాని ఆకారం తీసుకున్నాను. మిగతాదంతా వంటింట్లోంచి తెచ్చాను. బాయిలరు ముందు తలుపు నాలుగు గుంటల ఇడ్లీ ప్లేటు. బాయిలరు పైన సేఫ్టీ వాల్వు స్థానంలో కుక్కరు వెయిట్. ముందు చక్రం సన్నికల్లు మీద దొర్లించే పొత్రం. పెళ్ళిలో మన కాలు పట్టుకుని తొక్కించే ఆ సన్నికల్లుదే. పక్కన తిరిగే ఫ్లైవీలు కుట్టుమిషను చక్రం. ఆ కంపెనీ రోలర్ల ముఖాన వెనక కాళ్ళ మీద లేచిన గుర్రం బొమ్మ ఉంటుంది. నా బండికి అక్కడ పాలగిన్నె వైపు లేచిన పిల్లి ఉంది.

ఇందులో నేర్చుకున్న పని చాలా ఉంది. బాయిలరుకి 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు సరిగ్గా సరిపోయింది. స్కేలులో అది మూడడుగుల వ్యాసం. ఒక మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు ఈ లెక్కలో దాదాపు అరంగుళం ఇనప రేకు. పాత బాయిలర్లకి వరసలు వరసలుగా రివెట్లు ఉంటాయి. హోటలు పార్సిలుకిచ్చే అల్యూమినియం డబ్బా రేకుని కత్తిరించి, వెనకవైపు నుంచి సిరా అయిపోయిన రీఫిల్లుతో సమదూరంలో నొక్కితే ముందువైపు రివెట్ల తలలు లేస్తాయి. ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టే చేతికి ఆ సమదూరం ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవిరి రోలరు ముందు చక్రాన్ని గొలుసుతో తిప్పుతారు. నా దాంట్లో అది తెగిపోయిన రోల్డ్ గోల్డ్ గొలుసు. పొత్రానికి ఎంసీల్ పట్టించి, ఆరకముందే పాత టూత్‌బ్రష్షుతో పొడిస్తే రాతి గరుకు వచ్చింది.

ఈ సామాన్ల కోసం హార్డ్‌వేరు దుకాణానికి వెళ్తే, "ఇంట్లో సార్‌ని పంపండమ్మా, ఏ సైజో ఆయనకి తెలుస్తుంది" అన్నాడు దుకాణం అతను. సైజు రాసుకున్న చీటీ నా చేతిలోనే ఉంది. ఇలాంటి మాటలు చిన్నవి. కానీ ఆడవాళ్ళకి యంత్రాల మీద ఆసక్తి ఉండదని చెప్పే పెద్ద మాట ఈ చిన్న మాటల మీదే నిలబడి ఉంది.

బాయిలరుకి ఇడ్లీ ప్లేటు తగిలించడం వేళాకోళం అనుకునేవాళ్ళకి చిన్న చరిత్ర చెప్పాలి. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచివాడు లండన్‌లో ఒక పాత్ర చేశాడు. గట్టి మూత బిగించి లోపల ఆవిరి ఒత్తిడి పెంచి ఎముకల్ని సైతం మెత్తగా ఉడికించే పాత్ర అది. అంటే మన ప్రెషర్ కుక్కరే. ఒత్తిడి మితిమీరితే పేలిపోకుండా దానికి బరువుతో నొక్కి ఉంచే కవాటం పెట్టాడు. ఆ పాత్రతో కలిగిన అనుభవం నుంచే, ఆవిరి పిస్టన్‌ని తోయగలదన్న ఆలోచనకి వచ్చి 1690లో దాన్ని ప్రకటించాడు. ఆవిరి యంత్రం వంశవృక్షంలో వంటపాత్ర ఉంది. రోజూ పొద్దున ఒత్తిడిలో ఉన్న ఆవిరిని చెవితో లెక్కపెట్టి, ఎన్నో కూతకి దించాలో తెలిసి, వెయిట్ ఎప్పుడు తీయకూడదో తెలిసిన మనిషికి బాయిలరు పరాయిది ఎలా అయింది? అదే పని రైలింజను మీద చేస్తే నైపుణ్యం, స్టవ్వు ముందు చేస్తే అలవాటు. ఈ తేడా యంత్రంలో లేదు, జీతంలో ఉంది.

నగరంలో జరిగిన ఒక మోడళ్ళ ప్రదర్శనకి నా రోలరుని పంపాను. విమానాలు, ఓడలు, లారీలు, ట్యాంకులు వరసగా పెట్టిన బల్లలున్నాయి. నా బండిని "మహిళల హస్తకళలు" అన్న బల్ల మీద, పూసల గుమ్మటానికీ ఊలు కుక్కపిల్లకీ మధ్య పెట్టారు. ఆ కుక్కపిల్లని చేసినామె మీద నాకేమీ ఫిర్యాదు లేదు, ఆమె అల్లిక చూస్తే ముచ్చటేసింది. కానీ మా ఇద్దరి పనికీ ఉమ్మడిగా ఉన్నది మేం ఆడవాళ్ళం కావడం ఒక్కటే. ఏ మగవాడి బండికీ "పురుషుల హస్తకళలు" అన్న అట్ట లేదు. 

నిర్వాహకుల్లో పెద్దమనిషి ఒకాయన మర్యాదగానే బండిని అటూ ఇటూ తిప్పి చూశాడు. రివెట్లు మెచ్చుకున్నాడు. ఇడ్లీ ప్లేటు చూసి నవ్వాడు. పిల్లిని చూసి ఇంకా నవ్వాడు. ఆ తర్వాత నడిపే అరుగు మీద ఉన్న బొమ్మని చూపించి, "ఇదొక్కటే అసహజంగా ఉందండీ" అన్నాడు. 

అక్కడున్నది అయిదంగుళాల ఆడమనిషి బొమ్మ. తీగతో ఎముకలు కట్టి, ఎంసీల్‌తో ఒళ్ళు చేశాను. చీర గుడ్డతో చేస్తే ఈ స్కేలులో గోనెపట్టాలా నిలబడుతుంది. ఎందుకంటే గుడ్డ మందం పన్నెండు రెట్లు అయినట్టు కనిపిస్తుంది. అందుకని పల్చటి టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, కుచ్చిళ్ళు పైకి దోపి, దాని మీద మగవాళ్ళ పాత చొక్కా తొడిగాను. రోడ్డు పనుల్లో ఎండకీ కంకర దుమ్ముకీ మన కూలి ఆడవాళ్ళు వేసుకునే చొక్కా అది. ఒక చెయ్యి స్టీరింగు చక్రం మీద, రెండోది ఆవిరి వదిలే మీట మీద ఉన్నాయి. ఇడ్లీ ప్లేటు మొహం పెట్టుకున్న బాయిలరు సహజమే. రుబ్బే పొత్రంతో రోడ్డు వేయడం సహజమే. పిల్లి సరే. ఆడది రోలరు నడపడం ఒక్కటే ఆయన ఊహకి అందలేదు!

ఆయన్ని ఒక్కడినే అనడం న్యాయం కాదు. ఆయన రోజూ చూసే రోడ్డు అలాగే ఉంది. పాలమూరు నుంచి దేశమంతా వెళ్ళిన కూలీల్లో ఆడవాళ్ళు మట్టి తవ్వారు, రాళ్ళు కొట్టారు, తట్టలతో కంకర మోశారు, కాగే తారు పక్కన నిలబడ్డారు. చంటిపిల్లల్ని రోడ్డు పక్క చెట్టుకి కట్టిన ఉయ్యాల్లో వేసి మోశారు. రోలరు వచ్చాక దాని మీద మగవాడు ఎక్కాడు. తల మీద మోసే బరువు ఆడదానిది, కూర్చుని నడిపే బరువు మగవాడిది. ఎక్కువ కూలి ఆ కూర్చున్నవాడికి. సమాన వేతన చట్టం 1976లో వచ్చింది. కానీ ఒకే పనికి, లేదా ఆ తరహా పనికి సమాన కూలి అని ఆ చట్టం అంది. పనినే రెండుగా చీల్చి, యంత్రం ఉన్న సగాన్ని ఒకరికీ తట్ట ఉన్న సగాన్ని ఇంకొకరికీ ఇచ్చాక సమానం అన్న మాటని ఎక్కడ తగిలించాలి? పొలంలోనూ అంతే. కోత యంత్రం వచ్చిన ఊళ్ళో కొడవలి పట్టిన ఆడవాళ్ళ పని పోయింది. యంత్రం నడిపే పని వాళ్ళకి రాలేదు.

మరి యంత్రం మీద ఎవరు కూర్చోవాలన్నది ఎప్పుడు నిర్ణయమవుతుంది? ఉద్యోగ ప్రకటన వచ్చినప్పుడు కాదు. అంతకు చాలా ముందు, ఎవరి చేతికి ఏ బొమ్మ ఇస్తారన్న దగ్గర. దీనికి చరిత్రలో గట్టి సాక్ష్యమే ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు 1930లో ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ అని ఒక పోటీ మొదలుపెట్టారు. తొలి ఏళ్ళలో నెపోలియన్ కాలంనాటి గుర్రపు బండి మోడల్ చేయమన్నారు. తర్వాత, ఎక్కడా లేని కలల కారుని సొంతంగా ఊహించి, కర్రతోనో ప్లాస్టరుతోనో చిన్న స్కేలులో చెక్కమన్నారు. గెలిచినవాళ్ళకి కాలేజీ చదువుకి స్కాలర్‌షిప్పులిచ్చారు. 1968 దాకా నడిచిన ఆ పోటీ అబ్బాయిలకి మాత్రమే. అక్కడ బొమ్మ కారు చెక్కిన కుర్రాళ్ళలో ఎందరో తర్వాత నిజం కార్ల డిజైనర్లయ్యారు. 1947లో గెలిచిన చక్ జోర్డన్ 1986లో అదే జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి అధిపతి అయ్యాడు. కుర్రాడి పనికిరాని ఆటని ఒక కంపెనీ దాదాపు నలభై ఏళ్ళు డబ్బిచ్చి పోషించింది. దాన్ని ఎవరూ కాలక్షేపం అనలేదు, ప్రతిభని వెతకడం అన్నారు. 

అదే కంపెనీ 1950లలో కొందరు స్త్రీలని డిజైనర్లుగా తీసుకుంది. ఎక్కువగా అప్పగించింది కారు లోపలి పని - సీటు గుడ్డలు, రంగులు, అలంకరణ. అంటే కారులోనూ ఒక ఇల్లు కట్టి అందులో కూర్చోబెట్టారు. 1955లో క్రైస్లర్ వాళ్ళ డాడ్జ్ కంపెనీ స్త్రీల కోసమంటూ లా ఫామ్ అనే కారు తెచ్చింది. గులాబీ, తెలుపు రంగులు. కారుతోపాటు అదే రంగులకి తగ్గ హ్యాండ్‌బ్యాగు, లిప్‌స్టిక్ డబ్బీ, గొడుగు, వాన కోటు. యంత్రంలో ఏ మార్పూ లేదు. 1956తో దాన్ని ఆపేశారు. పన్నెండేళ్ళ వయసులో ఉలి ఇవ్వలేదు, ముప్ఫై ఏళ్ళ వయసులో లిప్‌స్టిక్ డబ్బీ ఇచ్చారు. ఆ పైన ఆడవాళ్ళకి కార్లంటే ఆసక్తి లేదని తేల్చారు.

మన హైదరాబాదుకి వద్దాం. బహదూర్‌పురాలో 2010లో తెరిచిన సుధా కార్స్ మ్యూజియం చాలామంది చూసే ఉంటారు. 2005లో లోకంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు చేసి గిన్నిస్ రికార్డుకెక్కిన కన్యబోయిన సుధాకర్ అక్కడి బండ్లన్నీ స్వయంగా ఊహించి తయారు చేశాడు. క్రికెట్ బ్యాటు కారు, బర్గరు కారు, కెమెరా కారు, అన్నీ నిజంగా నడిచేవే. ఆ చేతి నైపుణ్యాన్నీ చిలిపితనాన్నీ నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. నా అభ్యంతరం ఇంకోచోట. అక్కడ ఆడవాళ్ళని గుర్తుచేసే బండ్లు ఏమిటని చూస్తే హైహీల్ చెప్పు కారు, హ్యాండ్‌బ్యాగు కారు కనిపిస్తాయి. స్త్రీ అనగానే ఊహ ఆమె ఒంటి మీది అలంకారం దగ్గర ఆగిపోతుంది, ఆమె చేతిలోని పనిముట్టు దాకా రాదు. ఇది ఒక మనిషి లోపం కాదు, మన అందరి చూపుకి అయిన అలవాటు. చిలిపి ఊహకి కూడా కులం ఉంది, లింగం ఉంది. ఊహ స్వేచ్ఛగా ఎగిరిందని మనం అనుకునే చోట కూడా అది పాత తాడు పొడుగున్నంత మేరకే ఎగురుతుంది.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. ప్రపంచంలో కోట్లాది మగపిల్లల జేబుల్లో తిరిగిన మ్యాచ్‌బాక్స్ కార్లు ఎలా పుట్టాయో తెలుసా? లండన్‌లో లెస్నీ అనే బొమ్మల కంపెనీ భాగస్వామి జాక్ ఒడెల్ కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టేంత బొమ్మ అయితేనే బడికి తేవచ్చన్న నియమం ఉండేది. 1952లో ఆయన కూతురి కోసం అగ్గిపెట్టెలో పట్టేలా ఇత్తడితో ఒక బుల్లి బండి చేసిచ్చాడు. అది రోడ్డు రోలరు! మిగతా పిల్లలకీ అది కావాలనిపించింది. 1953లో మార్కెట్లోకొచ్చిన తొలి మ్యాచ్‌బాక్స్ బండ్లలో రోలరు ఉంది. మొదటి బండి అందుకున్నది ఆడపిల్ల. ఆ తర్వాత ఆ అగ్గిపెట్టె ఆమె చేతిలోంచి ఎప్పుడు జారిపోయిందో, అది మగపిల్లల బొమ్మ ఎలా అయిందో దుకాణాల అరలు చూస్తే అర్థమవుతుంది.

మన దగ్గర అరలు అంతకంటే పాతవి. ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిమెన మీద తిప్పి, లక్క రంగులు పట్టించి ఎంతో అందమైన బొమ్మలు చేస్తారు. లక్కపిడతలు కూడా ఆ పనితనం నుంచే వచ్చాయి. పొయ్యి, కుండ, తిరగలి, రోలు, రోకలి, అన్నీ బుల్లివి. మనలో చాలామంది వాటితో ఆడుకున్నాం. ఆడపిల్లకి ఇచ్చే బొమ్మ ఆమె చేయబోయే చాకిరీకి మోడల్. మగపిల్లాడికిచ్చే బొమ్మ అతను ఎక్కబోయే బండికి మోడల్. రెండూ స్కేలు మోడళ్ళే. ఒకటి తలుపు లోపలికి, ఒకటి తలుపు బయటికి. నా రోలరులో నేను చేసిందల్లా లక్కపిడతలకి చక్రాలు తగిలించడమే.

ఇక మన ఇంటి గొడవ. నా బండి చూసి ఒక ఉద్యమ మిత్రురాలు ప్రేమగానే అంది: "ఆడవాళ్ళు ఇన్ని సమస్యల్లో ఉంటే మనం బొమ్మలు చేసుకుంటూ కూర్చోవడం ఏమిటే? ఇది తీరికున్న మధ్యతరగతి సరదా." ఈ విమర్శని నేను తేలిగ్గా తీసుకోను. తీరిక అందరికీ లేదన్నది నిజం. నా బల్ల మీద నేను రివెట్లు నొక్కుతున్న గంటలో మా ఇంట్లో అంట్లు తోమే ఆమె నాలుగో ఇంట్లో పనిలో ఉంటుంది. ఆ గంట ఆమెకి కూడా రావాలి. కానీ ఆమెకి లేదు కాబట్టి నేనూ వదిలేస్తే అది ఆమె చేతికి చేరదు. ఇంట్లో ఇంకో కూర అవుతుంది, ఇంకో ఇస్త్రీ అవుతుంది. స్త్రీల తీరిక వదులుకున్నప్పుడల్లా ఇంటికే చేరిందని మన అనుభవం చెబుతుంది. ఎనిమిది గంటల పని కోసం పోరాడిన కార్మికులు మిగతా గంటల్లో కొన్ని విశ్రాంతికీ కొన్ని తమకిష్టమైన దానికీ అడిగారు. ఏం చేసుకుంటారో చెప్పి అనుమతి తెచ్చుకోమని వాళ్ళని ఎవరూ అడగలేదు. మనం మాత్రం ప్రతి గంటకీ సంజాయిషీ ఇచ్చుకుంటున్నాం. ఇంటికి ఇచ్చేది చాలక, ఇప్పుడు ఉద్యమానికి కూడా ఇవ్వాలా?

ఈ పత్రిక చదివే రచయిత్రులకి ఇది కొత్త మాట కాదు. కథ రాస్తే, కవిత రాస్తే, "వంట అయిందా?" అన్నది బయటివాళ్ళయితే, "ఈ కవిత వల్ల ఎవరికి లాభం?" అన్నది మనవాళ్ళు. ఆ రెండు ప్రశ్నలూ దాటుకునే మనం రాశాం. రాసుకునే హక్కు కోసం అంత పోరాడిన మనం, చెక్కుకునే హక్కుని చిన్నచూపు చూడటం ఎందుకు? మెదడు పని గొప్పది, చేతిపని తక్కువది అన్నది ఎవరు పెట్టిన మెట్టు? వడ్రంగినీ కుమ్మరినీ కమ్మరినీ ఊరి చివర నిలబెట్టిన ఆ మెట్టే మన వ్యాసాల్లోకీ వచ్చి కూర్చుంది. కొండపల్లిలో పొణికి కర్ర చెక్కే మగవాళ్ళ పేర్లు కొన్నయినా నమోదయ్యాయి. ఆ బొమ్మలకి రంగులద్దిన ఇంటి ఆడవాళ్ళ పేర్లు ఎన్ని రాశాం మనం? సాహిత్య చరిత్రలో దాగిపోయిన రచయిత్రుల్ని వెతికి తీసినట్టు, చేతిపనుల చరిత్రలో దాగిపోయినవాళ్ళని వెతికే పని ఇంకా మిగిలే ఉంది.

కాబట్టి నేను అడుగుతున్నవి మూడు. బడుల్లో ఆడపిల్లకి సూదీ దారంతోపాటు రంపమూ ఆకురాయీ కూడా ఇవ్వాలి. మగపిల్లాడి చేతికి సూది ఇవ్వాలి. రెండోది, ప్రతి ఇంట్లో ఆడమనిషికి భోజనాల వేళకి ఖాళీ చేయక్కర్లేని ఒక బల్ల ఉండాలి. సగం అతికించిన బాయిలరు మర్నాడు పొద్దునకి పెట్టినచోటే ఉండాలి. ఈ చిన్న కోరిక ఎన్ని ఇళ్ళలో ఎంత పెద్ద గొడవవుతుందో అడిగి చూడండి. మూడోది మనకి మనం చేసుకోవలసింది. ఒక స్త్రీ తను చేసిన వింత వస్తువుని చూపించినప్పుడు, దాని ప్రయోజనం అడగడం మనమైనా మానుకోవాలి. ఎలా చేశావని అడగాలి. ఆ ప్రశ్నకి ఆమె చెప్పే జవాబులో కొలతలుంటాయి, పనిముట్లుంటాయి, ఆమె మెదడు నడిచిన దారి ఉంటుంది.

వచ్చే ఏడాది ప్రదర్శనకి బండ్ల విభాగంలోనే దరఖాస్తు పెడతాను. డ్రైవరుని మారిస్తే అక్కడ చోటిచ్చే విషయం ఆలోచిస్తామని కబురొచ్చింది. ఆమె పాదాలని అరుగుకి రెండు స్క్రూలు వేసి బిగించాను. ఊడదీయాలంటే బండి మొత్తం విప్పాలి.